టమాటా మీద ఎర్రనల్లి: మొక్క రక్షణను రేపే వంశం, అణిచే వంశం ఎలా తేల్చాలి (విశాఖ ప్రాంతానికి సమగ్ర మార్గదర్శి)

ఒకే బెండ మడిలో పట్టిన రెండు ఎర్రనల్లుల్ని టమాటా ఆకు మీద వదిలి చూడండి. ఒకటి గుడ్ల మీద గుడ్లు పెడుతుంది. ఇంకోటి నాలుగు గుడ్లు పెట్టి నీరసించిపోతుంది. రూపంలో తేడా ఉండదు, జాతి కూడా ఒకటే కావచ్చు. తేడా జన్యువుల్లో ఉంది. గుడ్లు లెక్కపెట్టి "ఇది గట్టి నల్లి, అది బలహీనం" అని రాసుకుంటే మాత్రం అసలు సంగతి చేజారిపోతుంది. ఇక్కడ వేర్వేరుగా అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. నల్లి మొక్కను ఏం చేస్తోంది? మొక్క నల్లిని ఏం చేస్తోంది?

నల్లి సూదిలాంటి నోటిని ఆకు కణంలో గుచ్చి రసం పీల్చగానే టమాటాలో జాస్మోనిక్ ఆమ్లం పెరుగుతుంది. జాజి జాతి పూల తైలంలో 1962లో దొరికిన మిథైల్ జాస్మోనేట్‌కు ఇది దగ్గరి చుట్టం, పేరూ అక్కడి నుంచే వచ్చింది. ఆ సంకేతం అందాక ఆకు ప్రోటీనేజ్ నిరోధకాలను తయారుచేస్తుంది. అవి నల్లి కడుపులోని జీర్ణరసాలను పనిచేయనివ్వవు, దాంతో నల్లికి తిన్నది వంటబట్టదు. మొక్క రక్షణకున్న మరో సంకేతం, సాలిసిలిక్ ఆమ్లం దారి కూడా పక్కనే మేలుకుంటుంది. చాలా నల్లులు ఈ రక్షణను రేపుతాయి. కొన్ని రేపినా తట్టుకుంటాయి. మరికొన్ని తమ లాలాజలంలోని ప్రోటీన్లతో రక్షణనే అణిచేస్తాయి. ఈ మూడు రకాలూ రెండు చుక్కల నల్లి అనే ఒకే జాతిలో ఉన్నాయని ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2008లో చూపించారు. అణిచే వంశం (ఒకే తల్లి నుంచి దిగిన నల్లుల వరస) ఆ రక్షణను తట్టుకోగలిగినదే అయ్యుండాలన్న నియమం లేదని కూడా ఆ పనిలోనే తేలింది. అణచడం ఒక గుణం, తట్టుకోవడం మరొక గుణం. ఈ పద్ధతి మొత్తం ఆ రెండిటినీ విడదీయడానికే.

కాలం, సామగ్రి

విశాఖలో ఈ పనికి డిసెంబరు నుంచి మే వరకు అనుకూలం. ఫిబ్రవరి దాటి ఎండ ముదిరేకొద్దీ పొలాల్లో నల్లి తేలిగ్గా దొరుకుతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా సముద్రపు తేమకు తడి దూది మీద బూజు పడుతుంది, ఆకు మీద నీటి పొర నిలిచి పిల్ల నల్లులు మునిగి చస్తాయి. ఆ నెలల్లోనూ చేయాలంటే ఏసీ గదిలో 25–26 డిగ్రీలు, 60 శాతం చుట్టుపక్కల తేమ నిలపాలి. ఎల్‌ఈడీ ట్యూబులు టైమర్ మీద 16 గంటలు వెలగాలి, 8 గంటలు ఆరాలి. ఏసీ గాలి నేరుగా ట్రేల మీదకు కొట్టకుండా చూడండి. నల్లులు గాలివాటున ప్రయాణిస్తాయి, పక్క వంశంలో దిగిన ఒక్క మగనల్లి మూడు నెలల కష్టాన్ని బూడిద చేస్తుంది.

10 రెట్ల చేతి భూతద్దం, 40 రెట్ల దాకా చూపే స్టీరియో మైక్రోస్కోప్, మూడు సున్నాల నంబరు కుంచె, 9 సెం.మీ. పెట్రీ డిష్‌లు, దూది, వంశానికొక ప్లాస్టిక్ ట్రే, లానొలిన్ (గొర్రె ఉన్ని జిడ్డు), 70 శాతం ఆల్కహాల్, టమాటాలకు 50 మెష్ నైలాన్ వల. ఇవి ఉంటే మొదలుపెట్టవచ్చు. వల ఖర్చు దగ్గర మాత్రం వెనకాడకండి. తెల్లదోమ వాలిన టమాటాలో సాలిసిలిక్ దారి రేగి జాస్మోనిక్ దారిని తొక్కేస్తుంది. అప్పుడు మీరు కొలిచేది నల్లి చేసిన పని కాదు, దోమ చేసిన పని.

మొక్కలు

పెంపకానికి బొబ్బర్లు గానీ ఫ్రెంచ్ బీన్స్ గానీ చాలు. విత్తిన 10–14 రోజులకు వచ్చే తొలి జత ఆకులు వెడల్పుగా, మెత్తగా ఉంటాయి, నల్లులు వాటి మీద బాగా వృద్ధి చెందుతాయి. పరీక్షకు టమాటా కావాలి. హైబ్రిడ్ విత్తనం కాకుండా పూసా రూబీ, అర్కా వికాస్ లాంటి సూటి రకం తీసుకోండి. వచ్చే ఏడాది కూడా అదే జన్యుపటం ఉన్న మొక్క దొరకాలి గదా.

ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు పట్టించిన విత్తనం అసలు వాడొద్దు. ఆ తరగతి మందులు మొక్క రక్షణ జన్యువుల తీరునే మార్చేస్తాయి, దాంతో నల్లి సంతానం పెరిగిన సందర్భాలు నమోదయ్యాయి. నారు కొబ్బరిపొట్టు, వర్మికంపోస్టు కలిపిన మట్టిలో పోసి, 4 వారాల మొక్కలో కింద నుంచి మూడో ఆకు, దాని చివరి రెమ్మ (ఆ ఆకులోని కొన చిట్టి ఆకు) మీదే ప్రతిసారీ పని చేయాలి. లేత ఆకు, ముదురు ఆకు ఒకే తీరున స్పందించవు. నీళ్లు తక్కువైన మొక్కలో కూడా లెక్క తప్పుతుంది, కాబట్టి అన్ని కుండీలకూ ఒకే పూట కొలిచి పోయండి.

సేకరణ

ఆనందపురం, పద్మనాభం, భీమిలి, సబ్బవరం వైపు వంగ, బెండ, చిక్కుడు మళ్లు, గులాబీ తోటలు, నగరంలో మేడ మీది కుండీలు: ఇలా కనీసం 6 చోట్ల నుంచి తీసుకోండి. ఆకు పైభాగాన పాలిపోయిన సన్న చుక్కలు, అడుగున సన్నటి గూడు, దానిలో కదిలే చుక్కలు కనిపిస్తే అదే. మిరపలో కింది ముడత తెచ్చే నల్లి వేరు, అది గూడు అల్లదు, ఈ పనికి పనికిరాదు. ఒక్కో చోట ఎడంగా ఉన్న 10 మొక్కల నుంచి ఆకులు కోసి కాగితపు సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో ఆకు చెమర్చి నల్లులు అంటుకుపోతాయి. తేదీ, పంట, ఊరు, గత రెండు నెలల్లో కొట్టిన మందులు సంచి మీదే రాయండి. మందు సంగతి రైతును తప్పకుండా అడగాలి. టమాటాకు అలవాటు పడిన నల్లుల్లో నల్లిమందులను తట్టుకునే జన్యువులు కూడా చురుగ్గా ఉంటాయి, రెండిటికీ విషాన్ని విరిచే ఎంజైములు ఒకటే కావడం దీనికి ఒక కారణం.

రంగు చూసి జాతి నిర్ణయించకండి. ఎర్రగా ఉన్నది, ఆకుపచ్చగా ఉన్నది ఒకే జాతి కావచ్చు. ఎర్రగా ఉన్న రెండు వేర్వేరు జాతులూ కావచ్చు, మన కూరగాయల మీద ఈ కుటుంబపు నల్లులు నాలుగైదు జాతులున్నాయి. మగనల్లిని హోయర్ ద్రవంలో పక్కకు ఒత్తిగిలేలా స్లైడ్ చేసి జననాంగం వంపు చూడాలి, లేదా జాతిని గుర్తుపట్టించే సీఓఐ జన్యువును సీక్వెన్స్ చేయించాలి. జాతులు కలిసిపోతే వచ్చేది జాతుల మధ్య తేడా, జాతిలోపలి వైవిధ్యం కాదు. ఇంకొక తనిఖీ కూడా ఇప్పుడే చేయించండి. వోల్బాకియా లాంటి సూక్ష్మజీవులు తల్లి నుంచి పిల్లలకు దిగుతాయి, చూడ్డానికి జన్యుగుణంలాగే ఉంటాయి. ప్రతి వంశానికీ పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష) చేయించి ఉన్నదీ లేనిదీ రాసుకుంటే చివర్లో గందరగోళం ఉండదు.

శుద్ధ వంశం తీయడం

ఓపిక కోరే పని ఇదే, అందమైన పని కూడా ఇదే. ఎర్రనల్లిలో ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి మగది వస్తుంది, జరిగిన గుడ్డు నుంచి ఆడది. ఆడదానికి క్రోమోజోములు 6, మగదానికి 3. కన్నె తల్లి కన్న కొడుకు తల్లి జన్యువుల్లో సగాన్ని మాత్రమే మోస్తాడు, తండ్రి వాటా ఏమీ ఉండదు. ఆ కొడుకుతో తల్లిని జతకడితే పుట్టే కూతుళ్లలో రెండు వాటాలూ తల్లివే. మొక్కల్లో స్వపరాగ సంపర్కంతో ఇది సమానం. ప్రతి తరానికీ భిన్న జన్యుజతలు సగానికి పడిపోతాయి. 5 తరాలకు మొదటి దానిలో 3.1 శాతం, 7 తరాలకు 0.8 శాతం మిగులుతాయి.

1. మైక్రోస్కోప్ కింద కదలకుండా, కాళ్లు ముడుచుకుని, వెండిలా మెరుస్తున్న ఆడదాన్ని వెతకండి. చివరి కుబుసం విడవబోయే దశ అది. పక్కన ఒక మగది కాపలా కూర్చుని ఉంటే గుర్తుపట్టడం ఇంకా తేలిక. ఆ మగదాన్ని తోసేసి, ఆడదాన్ని మాత్రమే తడి దూది మీద బోర్లా పరిచిన 2 సెం.మీ. బొబ్బర ఆకు ముక్క మీదకు మార్చండి. ఆకు అడుగుభాగం పైకి ఉండాలి. ఇలా ఒక్కో చోటు నుంచి 10 ఆడవాటిని పెట్టండి, సగం పోతాయి.

2. మర్నాటికి అది కన్నెగా బయటికొస్తుంది. 8–10 గుడ్లు పెట్టాక, తల్లిని ఇంకొక ముక్క మీద పెట్టి, మూతవేసిన డిష్‌ను ఫ్రిజ్ కూరగాయల అరలో ఉంచండి. గుడ్లు 26 డిగ్రీల గదిలోనే ఉండాలి.

3. సుమారు 10 రోజులకు కొడుకులు పెద్దవవుతాయి. తల్లిని బయటికి తీసి రెండు మూడు కొడుకులున్న ముక్క మీద వదలండి. ఒక రోజయ్యాక కొత్త ఆకు మీదకు మార్చితే కూతుళ్లు వస్తాయి. గుడ్లన్నీ మగవే అయితే జత కుదరలేదని అర్థం, ఇంకో కొడుకును ఇవ్వండి.

4. కూతుళ్లలో ఒకదాన్ని మళ్లీ వెండి దశలోనే వేరు చేసి ఇదే చక్రం నడపండి. 5 నుంచి 7 తరాలు. తరానికి రెండున్నర, మూడు వారాలు పడుతుంది, కాబట్టి నాలుగైదు నెలలు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టాలి.

అంత వ్యవధి లేకపోతే జతకట్టిన ఒకే ఆడదాని నుంచి వంశం మొదలుపెట్టవచ్చు. మామూలుగా మొదటి మగదాని వీర్యమే పనిచేస్తుంది, కాబట్టి అందులో గరిష్ఠంగా మూడు జన్యుసంచయాలే ఉంటాయి: తల్లివి రెండు, తండ్రిది ఒకటి. వంశాల మధ్య తేడా ఉందా లేదా అని తేల్చడానికి ఇది చాలు. ఏ జన్యువు వల్ల అని వెతకాలంటే చాలదు. ఆ వెతుకులాటకు రెండు చుక్కల నల్లి చాలా అనువైనది. 2011లో వెలువడిన దాని జన్యుపటం 9 కోట్ల బేసులే (డీఎన్ఏ అక్షరాలే).

ప్రతి వంశాన్నీ విడి ట్రేలో, సబ్బునీటి కందకం మధ్య ఉంచండి. ఆ నీరు చీమల్నీ ఆపుతుంది. వంశం మారిన ప్రతిసారీ కుంచెను ఆల్కహాల్‌లో ముంచి ఆరబెట్టాలి. పరీక్షకు ముందు అన్ని వంశాలూ కనీసం రెండు తరాలు ఒకే పంట మీద గడపాలి, లేకపోతే వంగ మీద పెరిగిన తల్లి ప్రభావం కూతురిలో కనబడి జన్యు తేడాలా మోసం చేస్తుంది.

మొదటి పరీక్ష: నల్లి మొక్కను ఏం చేస్తోంది?

దీనికి ముందు ఒక కొలబద్ద వంశం కావాలి. రక్షణ రేగిన ఆకు మీద గుడ్లు స్పష్టంగా తగ్గిపోయే వంశం అది. దాన్ని మిథైల్ జాస్మోనేట్‌తో ఎంచుకోండి. 22 మైక్రోలీటర్లు 1 మి.లీ. ఇథనాల్‌లో కరిగించి, ట్వీన్ 20 (సబ్బులాంటి ద్రవం) రెండు చుక్కలు వేసి, నీటితో 100 మి.లీ. చేస్తే దాదాపు 1 మిల్లీమోలార్ ద్రావణం. కంట్రోల్ మొక్కలకు మందు లేకుండా అదే మిశ్రమం చల్లాలి. ఈ రెండు గుంపులూ ఒకే గదిలో ఉండకూడదు. మిథైల్ జాస్మోనేట్ ఆవిరై పక్క మొక్కను కూడా మేల్కొల్పుతుంది. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే, ఫలితంలో తేడా రాకపోతే ముందు దీన్నే అనుమానించండి. 24 గంటలాగి, ఒక్కో రెమ్మ మీద 5 ఆడవాటిని వదిలి, 4 రోజుల గుడ్లు లెక్కపెట్టి, అన్నిటికన్నా ఎక్కువ తగ్గుదల ఉన్న వంశాన్ని తీసుకోండి.

ఇక అసలు పరీక్ష. 6 వంశాలు, నల్లి పెట్టని కంట్రోల్ ఒకటి, మొత్తం 7 వర్గాలు. వర్గానికి 12 మొక్కల చొప్పున 84 మొక్కలు. 28 చొప్పున మూడు విడతలుగా, ప్రతి విడతలో వర్గానికి 4 ఉండేలా చేయండి. ఒకే మొక్క మీది రెండు ఆకుల్ని రెండు మొక్కలుగా లెక్కేయడం పొరపాటు.

నల్లులు ఒకే వయసువి కావాలి. 60 తల్లుల్ని 24 గంటలు గుడ్లు పెట్టనిచ్చి తీసేయండి. రెండు వారాల్లో 2–4 రోజుల వయసున్న ఆడవి, విడతకు కావలసిన 140 కొలబద్ద నల్లులకు సరిపడా దొరుకుతాయి. నాలుగింట మూడొంతులు ఆడవే ఉంటాయి.

మొదటి రోజు రెమ్మ కాడ చుట్టూ లానొలిన్ పట్టీ వేసి 15 ఆడనల్లుల్ని వదలండి. కంట్రోల్‌కూ లానొలిన్ వేయాలి. ఆకు మొక్క మీదే ఉండాలి, కోస్తే ఆ గాయానికే జాస్మోనిక్ ఆమ్లం లేస్తుంది. 7వ రోజున బతికున్నవాటిని లెక్కపెట్టి, నల్లులు, గుడ్లు, గూడు అన్నీ మెత్తగా కుంచెతో తుడవండి. కంట్రోల్ రెమ్మను కూడా అంతే సేపు కుంచెతో తుడవాలి, తుడుపు కూడా ఒక గాయమే. తర్వాత కొలబద్ద నల్లులు 5 వదిలి, 4 రోజులకు రెమ్మ కోసి గుడ్లు లెక్కించండి. కొత్త పిల్ల నల్లి ఏదైనా కనబడితే అది తుడుపులో తప్పిన పాత గుడ్డు, ఆ రెమ్మను లెక్కలోంచి తీసేయడం మంచిది.

కంట్రోల్ కన్నా గుడ్లు తక్కువైతే ఆ వంశం రక్షణను రేపింది. ఎక్కువైతే అణిచిందని బలమైన అనుమానం. సమానంగా వస్తే తొందరపడొద్దు. అణిచి ఉండవచ్చు, రేపకుండా ఊరుకుని ఉండవచ్చు, అసలు తినకుండానే ఉండవచ్చు. 7వ రోజున 15లో 12 కన్నా తక్కువ బతికిన రెమ్మలు చివరి కోవకు చెందుతాయి, వాటిని పక్కన పెట్టండి. మిగతా రెండిటినీ విడదీయడానికి జంట పరీక్ష చేయాలి. కొన్ని రెమ్మల మీద గట్టిగా రేపే వంశం నుంచి 8, ఇంకొన్నిటి మీద ఆ 8తో పాటు అనుమానిత వంశం నుంచి 8, మరికొన్నిటి మీద రేపేవే 16. ఏడు రోజుల తర్వాత అన్నిటి మీదా కొలబద్ద నల్లులే. జంట రెమ్మ మీద గుడ్లు తిరిగి పెరిగితే అది నిజంగా అణిచేదే, పక్కనున్న నల్లికి కూడా ఆ లాభం పంచింది. పొలంలో ఇది చిన్న విషయం కాదు. కొద్దిపాటి అణిచే నల్లులున్నా, లొంగే నల్లులు వాటి నీడలో పెరుగుతాయి.

గుడ్ల లెక్కకు ఒక రసాయన సాక్ష్యం తోడైతే మంచిది. క్యూపీసీఆర్ (జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలిచే పద్ధతి) సౌకర్యం ఉంటే జాస్మోనిక్ దారికి విపి-2, సాలిసిలిక్ దారికి పీఆర్-పీ6 జన్యువులు, సరిపోల్చడానికి ఆక్టిన్ కొలవండి. ఆకును కోసిన వెంటనే ద్రవ నత్రజనిలో వేయాలి. లేకపోతే కాలేజీ ల్యాబులో ఉండే స్పెక్ట్రోఫొటోమీటర్ చాలు: 100 మి.గ్రా. ఆకును 1 మి.లీ. చల్లటి పిహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్‌లో, చిటికెడు పీవీపీ (ఆకులోని ఫినాళ్లను పట్టేసే పొడి) వేసి నూరి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటకు 10 మిల్లీమోలార్ కాటెకాల్ కలిపి 420 నానోమీటర్ల దగ్గర రెండు నిమిషాల పాటు 15 సెకన్లకొకసారి చూడండి. వాలు ఎంత నిటారుగా ఉంటే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే రక్షణ ఎంజైమ్ అంత ఎక్కువ. టమాటాలో అది జాస్మోనిక్ దారి వెంటే పెరుగుతుంది. పీవీపీ మరిచిపోతే నూరినప్పుడే తేట గోధుమరంగు తిరిగి, చదువు ఎందుకూ కొరగాదు.

రెండో పరీక్ష: మొక్క నల్లిని ఏం చేస్తోంది?

ఇది తేలిక. గట్టిగా రేపే వంశంతో 7 రోజులు తినిపించి తుడిచిన రెమ్మలు సగం, తుడిచిన శుభ్రమైన రెమ్మలు సగం. ప్రతి వంశాన్నీ రెండిటి మీదా 5 చొప్పున వదిలి 4 రోజుల గుడ్లు చూడండి. రేగిన ఆకు మీది సగటును శుభ్రమైన ఆకు సగటుతో భాగించండి. 1కి దగ్గరగా ఉంటే తట్టుకునే వంశం, 0.5 చుట్టూ ఉంటే లొంగే వంశం. రేగిన ఆకు మీది గుడ్ల సంఖ్యను మాత్రమే పోల్చకండి, సహజంగానే తక్కువ గుడ్లు పెట్టే వంశానికి అన్యాయం జరుగుతుంది.

లెక్కలు

గుడ్ల సంఖ్య కాబట్టి ఆర్ సాఫ్ట్‌వేర్‌లో నెగటివ్ బైనామియల్ నమూనా వేసి, వంశాన్నీ విడతనూ యాదృచ్ఛిక అంశాలుగా పెట్టండి. వంశాల మధ్య వైవిధ్యాన్ని మొత్తం వైవిధ్యంతో భాగిస్తే స్థూల వంశపారంపర్యత (మొత్తం తేడాలో జన్యువుల వాటా) వస్తుంది. 6 వంశాలతో ఆ అంకె చాలా ఊగుతుంది, ఉందా లేదా అన్నంతవరకే నమ్మండి. అంకె మీద వాదించాలంటే 20 వంశాలైనా కావాలి. తర్వాత అడ్డంగా మొదటి పరీక్ష ఫలితం, నిలువుగా రెండోది వేసి వంశాలను చుక్కలుగా పెట్టండి. చుక్కలన్నీ ఒకే గీత మీద పడకపోతే ఆ రెండు గుణాలూ వేర్వేరుగా సంక్రమిస్తున్నాయనడానికి అది తొలి ఆధారం.

ప్రతి వంశానికీ ఒక నకలు ట్రే వేరే గదిలో, వీలైతే వేరే భవనంలో ఉంచాలి. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో కరెంటు రెండు రోజులు పోయినా నల్లులు బతుకుతాయి, కానీ చీకట్లో ఆకులు పసుపు తిరిగి నల్లులు ట్రేలు దాటడం మొదలుపెడతాయి. వాన హెచ్చరిక రాగానే కొత్త ఆకుల మీదకు మార్చి కందకాలు నింపి పెట్టండి. పని ముగిసిన ఆకులు, మొక్కలు చెత్తకుండీలోకి నేరుగా వెళ్లకూడదు. సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచాకే పారేయాలి. భీమిలి మడిలో పట్టిన అణిచే వంశాన్ని సబ్బవరం టమాటాకు మన చేతులతో చేర్చకూడదు.